గోవర్ వీధి ఇల్లు

మన అధ్యక్ష మండలం శతవార్షికోత్సవ సంచికలో దేవాలయాల చరిత్రలు, ఆస్పత్రుల చరిత్రలు, తొలి మిషనరీల చరిత్రలు, వారితోపాటు ఎండలో నడిచిన దేశీయ బోధకుల చరిత్రలు వ్రాసేవారు అనేకులున్నారు. విద్యార్థుల మధ్య సంఘం చేసిన సేవను గూర్చి వ్రాయమని సంపాదక వర్గంవారు నన్ను అడిగినప్పుడు, మన మండలం హద్దులు దాటి, సముద్రం కూడా దాటి, లండను నగరంలో గోవర్ వీధిలో ఉండిన ఒక ఇంటి కథ చెప్పాలనిపించింది. ఆ ఇంటిని నడిపినవారు మన దేశపు క్రైస్తవులు. అందులో హిందువులు, ముస్లిములు, సిక్కులు, పార్సీలు, క్రైస్తవులు అయిన విద్యార్థులు ఒకే కప్పు క్రింద బస చేశారు, ఒకే భోజనశాలలో తిన్నారు, ఒకే హాలులో వాదించుకున్నారు.

లండనులోని ఇల్లు మనకెందుకని అడిగేవారికి నా జవాబు ఇది. మన పాస్టరేటు కమిటీలలో నేటికీ రెండు ప్రశ్నలు మాటిమాటికి వస్తూ ఉంటాయి. మన హాస్టలులో ఉండే ఇతర మతస్థుల బిడ్డలు సాయంకాల ప్రార్థనకు తప్పక రావాలా? మన యువజన మందిరాన్ని, రీడింగ్ రూమును ఊరి పిల్లలందరికీ తెరిచి ఉంచాలా, లేక మనవారికే ఉంచుకోవాలా? ఈ వాదంలో రెండు వైపులా భక్తిపరులే ఉన్నారు. అయితే ఈ ప్రశ్నలు మనతో పుట్టినవి కావు. మన పెద్దలు కొందరు ఎంతో కాలం క్రిందటే వీటితో పెనుగులాడారు. వారు ఏమి చేశారో తెలుసుకోకుండా మనం ఓట్లు వేయడం మంచిది కాదు.

మొదట మన ఇంటి సంగతి చెప్పుకోవాలి. 1843లో రాబర్ట్ నోబుల్ దొరగారు మచిలీపట్నంలో ఇంగ్లీషు బడి తెరిచారు. పై కులాల కుటుంబాలు కొంత జంకుతూనే తమ బిడ్డలను పంపాయి. 1852లో ఆ బడి విద్యార్థులు ఇద్దరు బాప్తిస్మం పొందారు. వెంటనే ఊరు అట్టుడికింది, బడి ఖాళీ అయింది. ఆ ఇద్దరి విశ్వాసాన్ని బట్టి మనం దేవుని స్తుతిస్తాము, అది న్యాయమే. అయితే బిడ్డలను చేతపట్టుకొని బడి నుండి ఇంటికి తీసుకుపోయిన ఆ తండ్రులను మూర్ఖులని తీసివేయరాదు. వారు బిడ్డను చదువుకు పంపారు గాని బిడ్డను ధారపోయలేదు. అదే బడిలో తొలినాళ్ళలో మాల మాదిగ పిల్లలను చేర్చుకోలేదన్న సంగతి కూడా మనం మరువకూడదు. వారిని చేర్చుకుంటే పై కులాలవారు వెళ్ళిపోతారన్న భయం ఒకటి ఉండేది. అనగా సహనం పేరుతో ఒకరికి తెరిచిన తలుపు మన తాతలకు మూయబడి ఉన్నది. కలిసి ఉండే చోటును గూర్చి మాట్లాడేటప్పుడు ఈ రెండు సంగతులూ కలిపే చెప్పాలి.

మద్రాసులోనూ ఇటువంటిదే జరిగింది. 1888లో మద్రాసు క్రైస్తవ కళాశాలలో ఒక బ్రాహ్మణ విద్యార్థి క్రైస్తవుడు కాబోతున్నాడన్న వార్త పుట్టి, విద్యార్థులు తరగతులు విడిచి బయటికి నడిచారు. అప్పుడు ప్రిన్సిపాలు విలియం మిల్లర్ దొరగారు. బాప్తిస్మాల లెక్కతో కళాశాల పనిని కొలవరాదని, క్రీస్తు బోధ ఈ దేశపు ఆలోచన అంతటిలోను మెల్లగా పులిసిన పిండివలె పనిచేస్తుందని ఆయన నమ్మకం. ఆయన స్వదేశపు మిషను పెద్దలలో చాలామందికి ఇది రుచించలేదు. ఆయన శిష్యులలో మన రఘుపతి వేంకటరత్నం నాయుడు గారు ఒకరు. ఆయన బాప్తిస్మం తీసుకోలేదు, బ్రహ్మసమాజంలో చేరారు. తరువాత కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాల ప్రిన్సిపాలుగా ఉండి, పంచములకూ స్త్రీలకూ ఆ కళాశాల తలుపులు తెరిచారు. మిల్లర్ గారి పని ఫలించినట్టా, ఫలించనట్టా? ఈ ప్రశ్న ఎవరికి వారు వేసుకోవలసినదే. నా మట్టుకు నేను ఫలించిందనే అంటాను.

ఇప్పుడు యువజన క్రైస్తవ సంఘం, అనగా మనమందరం ఎరిగిన వై.ఎం.సి.ఎ. సంగతికి వస్తాను. 1844లో లండనులో జార్జి విలియమ్స్ అనే బట్టల కొట్టు ఉద్యోగి తన తోటి పనివారితో కలిసి ప్రార్థన కొరకు స్థాపించిన చిన్న కూటం అది. 1890లో అమెరికా నుండి డేవిడ్ మెకానహి గారు మద్రాసు వచ్చి ఈ పనికి గట్టి పునాది వేశారు. ఫిలడెల్ఫియా వర్తకుడు జాన్ వానమేకర్ గారి ధనసహాయంతో ఎస్ప్లనేడులో పెద్ద భవనం లేచింది. పత్రికలు చదువుకొనే గది, ఉపన్యాసాల హాలు, వ్యాయామశాల, ఆటలు అన్నీ అందులో ఉండేవి. మద్రాసుకు చదువుకు వెళ్ళిన పల్లెటూరి కుర్రవానికి సాయంకాలం కాలక్షేపం చేయడానికి అంతకంటె శుభ్రమైన చోటు ఎక్కడున్నది? అందుచేత హిందూ విద్యార్థులు ధారాళంగా వచ్చారు. అయితే సభ్యత్వం రెండు తరగతులుగా ఉండేది. ఓటు హక్కు, అధికార పదవులు సువార్త సంఘాలకు చెందిన క్రైస్తవులకే. మిగిలినవారు అనుబంధ సభ్యులు. వారు చదువుకోవచ్చును, ఆడుకోవచ్చును గాని నిర్ణయాలలో వారికి పాలు లేదు.

దీనిని తప్పు పట్టడం సులభం. ఒక సంఘం తన విశ్వాసాన్ని కాపాడుకోవడానికి గోడ కట్టుకోవడంలో నాకు తప్పు కనబడదు. కాని ఇంటి యజమాని అతిథిని ఎంత ఆదరించినా, అతిథి అతిథే గదా. గౌరవం రెండు వైపులా నడవాలంటే ఇద్దరూ కూర్చునే బల్ల ఒక్క ఎత్తున ఉండాలి.

ఈ మాటను మనకంటె ఘాటుగా చెప్పినవాడు ఆ వై.ఎం.సి.ఎ.లోనే 1895 నుండి 1909 వరకు కార్యదర్శిగా పనిచేసిన వేదనాయగం శామ్యూలు అజరయ్య గారు. తరువాత ఆయన మన తెలుగు దేశానికి మిషనరీగా వచ్చి, 1912లో దోర్నకల్ బిషప్ అయినది సంఘస్థులందరికీ తెలిసినదే. 1910లో ఎడింబరోలో జరిగిన మహాసభలో ఆయన మిషనరీల యెదుట నిలబడి, మీరు మాకు చేసిన త్యాగాలకు కృతజ్ఞులమే, ఇక మాకు కావలసినది మీ స్నేహం అని అర్థం వచ్చేలా మాట్లాడారు. ఏండ్ల తరబడి కలిసి పనిచేసినా తన దేశీయ సహోదరుని భోజనానికి పిలవని మిషనరీలున్నారన్న బాధ ఆ ప్రసంగంలో ఉన్నది. వేదాంత కళాశాలలో సంఘ చరిత్ర పరీక్షకు ఈ ప్రసంగాన్ని మేము కంఠస్థం చేసినంత పని చేసేవాళ్ళం. దాని కారం మాత్రం సేవలోకి వచ్చిన తరువాతనే తెలిసింది. అది సభలో కొందరికి కోపం తెప్పించిందంటే ఆశ్చర్యం లేదు. ఉపకారం చేయడం తేలిక. సరిసమానంగా కూర్చోబెట్టడం కష్టం.

ఇక లండను. ఆ కాలంలో బారిస్టరు చదువుకు లండను వెళ్ళవలసిందే. ఐ.సి.యస్. పరీక్ష 1922 వరకు అక్కడే జరిగేది. వైద్యానికి, ఇంజనీరింగుకు కూడా మన యువకులు వెళ్ళేవారు. తండ్రి పొలం తాకట్టు పెట్టి పంపిన కుర్రవాడు చలిలో దిగి, బస కొరకు తలుపు తట్టితే, చర్మం రంగు చూసి గది లేదని చెప్పే ఇళ్ళు చాలా ఉండేవి. తిండి సంగతి చెప్పనక్కరలేదు. 1905లో శ్యాంజీ కృష్ణవర్మ గారు హైగేటులో ఇండియా హౌసు అనే విద్యార్థి నిలయం తెరిచారు. అది విప్లవకారుల స్థావరమని ప్రభుత్వం భయపడింది. 1909 జూలై 1న మదన్‌లాల్ ధింగ్రా అనే విద్యార్థి కర్జన్ వైలీ దొరను కాల్చి చంపాడు. ఆ తరువాత ప్రభుత్వం వారే క్రామ్‌వెల్ రోడ్డు 21వ నంబరు ఇంటిలో భారతీయ విద్యార్థుల కొరకు బస, సలహా కార్యాలయం ఏర్పాటు చేశారు. ఇల్లు మంచిదే, పడకలు మంచివే. కాని అక్కడ మాట్లాడిన ప్రతి మాటా ఇండియా ఆఫీసుకు చేరుతుందని విద్యార్థుల అనుమానం. 1921–22లో లిట్టన్ ప్రభువు అధ్యక్షతన విచారణ జరిపిన కమిటీ కూడా విద్యార్థులలోని ఈ అవిశ్వాసాన్ని గుర్తించింది. సొంత దేశంలో పాదిరి అంటే అనుమానం, పరాయి దేశంలో సర్కారు అంటే అనుమానం. ఇటువంటి కుర్రవాళ్ళకు క్రైస్తవులు ఒక ఇల్లు తెరిస్తే వారు వస్తారా?

ఇక్కడ మధ్యలో ఒక యుద్ధం వచ్చింది. 1914లో భారతీయ సైనికులు ఫ్రాన్సులో దిగినప్పుడు వారికి సేవ చేయడానికి వై.ఎం.సి.ఎ. ముందుకు వచ్చింది. సైనికుల మతం జోలికి పోరాదని, సువార్త ప్రకటన చేయరాదని ప్రభుత్వం షరతు పెట్టింది. మన క్రైస్తవ యువకులు దానికి ఒప్పుకున్నారు. చదువురాని సిపాయికి ఉత్తరం వ్రాసిపెట్టడం, గ్రామఫోను వినిపించడం, ఆటలు ఆడించడం, టీ ఇవ్వడం, ఇంతే వారి పని. లాహోరుకు చెందిన డాక్టర్ సురేంద్రకుమార్ దత్తా గారు ఈ సేవలో ముఖ్యులు. నోరు కట్టుకొని చేసిన ఈ సేవ వ్యర్థమని అన్నవారు అప్పుడూ ఉన్నారు. నేను అలా అనుకోను. ఉత్తరం వ్రాయించుకోవడానికి వచ్చిన సిపాయి, ఈ బాబు నా దగ్గర ఏదో ఆశించి ఈ పని చేయడం లేదు అని గ్రహించి వెళ్ళినప్పుడు, క్రైస్తవుని గూర్చి అతనికి తెలియనిది ఒకటి తెలిసింది. ఆ షరతు ప్రభుత్వం పెట్టినదే అయినా, దాని వలన మన యువకులకు ఒక శిక్షణ దొరికింది.

ఆ కాలంలో భారతదేశపు వై.ఎం.సి.ఎ.కు జాతీయ ప్రధాన కార్యదర్శి కె.టి. పాల్ గారు. సేలంలో 1876లో పుట్టిన తమిళ క్రైస్తవుడు. 1916లో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు. ఆయన పూనికతో 1920లో లండనులో విద్యార్థి నిలయం తెరవబడింది. దానికి దొరికిన మొదటి చోటు తమాషా అయినది. బ్లూమ్స్‌బరీలో షేక్‌స్పియరు పేరిట జాతీయ నాటకశాల కట్టాలని కొన్న ఖాళీ స్థలంలో, 1916లో న్యూజీలాండు సైనికుల కొరకు వై.ఎం.సి.ఎ. ఒక పెద్ద పాక వేసింది. దానిని షేక్‌స్పియర్ హట్ అనేవారు. యుద్ధం ముగిసి సైనికులు ఓడలెక్కారు. ఖాళీ అయిన పాకలో మన విద్యార్థులు దిగారు. అపొస్తలుడైన పౌలు ఎఫెసులో తురన్ను పాఠశాలలో రెండేండ్లు మాట్లాడినట్టు అపొస్తలుల కార్యములలో చదువుతాము. దేవుని పనికి సొంత భవనం ఉండి తీరాలన్న నియమం లేదు. 1923లో నిలయం గోవర్ వీధి 112వ నంబరు ఇంటికి మారింది. ఆ వీధి పేరు తరువాతి కాలంలో లండను వెళ్ళిన మన వృద్ధతరం వారికి కంఠతా వచ్చేది.

ఈ ఇంటికి పెట్టిన పేరు చూడండి: భారతీయ విద్యార్థుల యూనియన్, హాస్టలు. క్రైస్తవ అనే మాట అందులో లేదు. ఇల్లు ఎవరు నడుపుతున్నారో దాచలేదు. నడిపేవారు క్రైస్తవులని అందరికీ తెలుసు. కాని గుమ్మం మీది పేరు లోపలికి వచ్చేవానిది, కట్టినవానిది కాదు. బస గదులు కొద్ది. యూనియన్ అనే క్లబ్బు మాత్రం బయట బస చేసే విద్యార్థులకు కూడా తెరిచి ఉండేది. మతాన్ని బట్టి ఎవరినీ ఆపలేదు. మద్రాసు భవనంలో హిందువు అనుబంధ సభ్యుడు. గోవర్ వీధిలో హిందువు, ముస్లిము, క్రైస్తవుడు అందరూ భారతీయ విద్యార్థులే. ముప్పై ఏండ్లలో మన పెద్దలు నడిచిన దూరం ఇది.

మన నోట తేలికగా వచ్చే మాట ఒకటి ఇక్కడ జ్ఞాపకానికి వస్తున్నది. ఇతర మతస్థులను మనం ‘అన్యులు’ అంటాము. బైబిలు తర్జుమాలో యూదులు కానివారికి వాడిన మాట అది. ఆ లెక్కన మనమూ అన్యులమే! కాని హాస్టలు వరండాలో నిలబడి, పక్క గది కుర్రవాడు వింటుండగా ‘అన్యుల పిల్లలు’ అంటే, ఆ కుర్రవానికి వినిపించేది తర్జుమా కాదు. నీవు పరాయివాడివి అన్నట్టే వినిపిస్తుంది. ప్రసంగ పీఠం మీద కూడా ఈ మాటను జాగ్రత్తగా వాడాలని నా తోటి గురువులను కోరుతున్నాను.

కలిసి ఉండే ఏ ఇంటిలోనైనా మొదటి పరీక్ష వంటింటిలోనే వస్తుంది. ఒకడు మాంసం ముట్టడు. ఒకడు గొడ్డుమాంసం ముట్టడు, ఒకడు పందిమాంసం ముట్టడు. ఒకడు అన్నీ తింటాడు, తినేటప్పుడు పక్కవానిని ఎగతాళి చేయాలని చూస్తాడు. అప్పటి మద్రాసు రాష్ట్రపు హాస్టళ్ళలో బ్రాహ్మణులకు వేరే పంక్తి మామూలే. 1924లో తిరునెల్వేలి జిల్లా షేర్మాదేవిలోని జాతీయ గురుకులంలో ఇద్దరు బ్రాహ్మణ బాలురకు వేరుగా వడ్డించారని దక్షిణాది అంతా గొడవ లేచింది. దేశభక్తులు నడిపిన చోటనే పంక్తి కలవలేదు. సరిగ్గా ఆ సంవత్సరాలలోనే సముద్రానికి అవతల గోవర్ వీధిలో మన దేశపు భోజనం అన్ని కులాలవారికీ ఒకే చోట దొరికింది. అన్నం, పప్పు, కూర కొరకు ముఖం వాచిపోయిన కుర్రవాళ్ళు పక్కన కూర్చున్నవాని కులం అడుగుతారా? చలి, ఆకలి, ఇంటి మీద బెంగ, ఇవి కూడా కొంత సహాయం చేశాయని ఒప్పుకోవాలి. అంతా మన పెద్దల గొప్పతనమే అనడం లేదు.

కలిసి తినడమంటే అందరూ ఒకటే తినడం కాదు. పౌలు రోమా సంఘానికి వ్రాసిన పత్రిక 14వ అధ్యాయం మనం చదివినంతగా పాటించము. కూరగాయలు తినేవానిని అన్నీ తినేవాడు తృణీకరించరాదని, అన్నీ తినేవానికి కూరగాయలు తినేవాడు తీర్పు తీర్చరాదని అక్కడి బోధ. అది సంఘంలోని సహోదరులకు వ్రాసినది, హాస్టలు మేనేజరుకు వ్రాసినది కాదు, నిజమే. అయినా మెస్సు కమిటీకి అంతకంటె మంచి నిబంధన ఎవరూ వ్రాయలేరు.

రెండవ పరీక్ష మాటలలో వస్తుంది. 1920లో సహాయ నిరాకరణ, 1928లో సైమన్ కమిషను, 1930లో ఉప్పు సత్యాగ్రహం. లండనులోని మన విద్యార్థులు ఇంటి సంగతులు వింటూ చేతులు ముడుచుకొని కూర్చునేవారు కారు. వారి మీద పోలీసు నిఘా కూడా ఉండేది. అటువంటి రోజులలో గోవర్ వీధి హాలు చర్చలకు, ఉపన్యాసాలకు చోటిచ్చింది. క్రైస్తవులు సర్కారు పక్షం వారు అన్న నింద ఉన్న కాలంలో ఇది చిన్న సంగతి కాదు. వాదన వేడెక్కినా రాత్రి అదే బల్ల దగ్గర భోజనానికి కూర్చోవాలి. క్లబ్బుకూ బహిరంగ సభకూ ఉన్న తేడా ఇదే. బహిరంగ సభలో తిట్టి ఇంటికి పోవచ్చును. క్లబ్బులో తిట్టినవాని ముఖం మరునాడు ఉదయం మళ్ళీ చూడాలి.

సాక్ష్యం మాట ఏమిటి? ఈ ప్రశ్న సంఘంలో గట్టిగా వచ్చింది, రావలసినదే. క్రైస్తవుల కానుకలతో నడిచే ఇంటిలో క్రీస్తు మాట ఎత్తకపోతే అది ధర్మసత్రమే గాని సేవ ఎలా అవుతుంది అన్నారు. అవతలి వైపు నుండి, ఉపకారాన్ని ఎరగా వేసి మతంలోకి లాగుతున్నారని గాంధీగారు విమర్శించారు. ఆయన 1931 ఏప్రిల్ నెలలో యంగ్ ఇండియాలో వ్రాసినదాని మీద దేశమంతటా వాదోపవాదాలు జరిగాయి. కె.టి. పాల్ గారు అదే నెల 11న కన్నుమూశారు గనుక ఆ వాదంలో ఆయన మాట మనకు దక్కలేదు. ఆయన ఇల్లు మాత్రం అప్పటికే పదకొండేండ్లుగా నడుస్తున్నది. నా ఉద్దేశంలో ఆ ఇల్లే ఇద్దరికీ జవాబు. ఆకలితో వచ్చినవాని ముందు అన్నంతోపాటు మతాన్ని వడ్డించకపోవడం విశ్వాసాన్ని దాచడం కాదు. అతడు కాదనడానికి వీలున్నప్పుడే మన మాటకు విలువ. పడక పోతుందన్న భయంతో ప్రార్థనకు వచ్చి కూర్చున్నవాడు దేవుని యెదుట కూర్చోలేదు, వార్డెను యెదుట కూర్చున్నాడు.

1930లో మొదటి రౌండ్ టేబిల్ సమావేశానికి పాల్ గారు, 1931లో రెండవదానికి దత్తా గారు క్రైస్తవుల పక్షంగా వెళ్ళారు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని, అందరితో కలిసి ఓటు వేస్తామని ఇద్దరూ గట్టిగా నిలబడ్డారు. ఒక సత్రంలో కలిసి బ్రతకడం నేర్పినవారు దేశాన్ని కూడా అటువంటి ఇల్లుగా చూడడంలో వింత లేదు. క్రైస్తవులలోనే మరొక అభిప్రాయం ఉండేది. పన్నీర్‌సెల్వం గారు 1931లో ఇతర అల్పసంఖ్యాకుల ప్రతినిధులతో చేరి ప్రత్యేక నియోజకవర్గాలు కోరిన ఒప్పందం మీద సంతకం చేశారు. చివరకు 1949లో రాజ్యాంగ సభలో హెచ్.సి. ముఖర్జీ గారి వంటి క్రైస్తవ నాయకులు మతాన్ని బట్టి స్థానాలు కేటాయించడం అవసరం లేదని ఒప్పుకున్నారు.

మరుసటి సంవత్సరమే, 1950 ఆగస్టులో, రాష్ట్రపతి ఉత్తర్వు వలన షెడ్యూల్డు కులాల హక్కులు హిందువులకే పరిమితమైనాయి. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వచ్చాయి గాని మనకు రాలేదు. మన సంఘస్థులలో ఎక్కువమందికి ఇది పుస్తకాల సంగతి కాదు, పిల్లవాని ఉద్యోగం సంగతి. పాల్ గారూ దత్తా గారూ ఉదారంగా ఉండి మనలను నట్టేట ముంచారని అనే యౌవనస్థులను నేనెరుగుదును. వారి బాధ నిజమైనదే. ఆ ఇద్దరు పెద్దలూ చదువుకున్న కుటుంబాలవారు గనుక, పల్లె చివరి మాలపల్లె మాదిగపల్లెల క్రైస్తవుని బ్రతుకు వారికి పూర్తిగా ఎరుక కాలేదేమో. డాక్టర్ అంబేద్కరు గారు దళితులకు ప్రత్యేక రక్షణ కోరినది వేరే కారణాన. బలవంతులున్న ఇంటిలో బలహీనునికి ఆసరా కావాలన్న ఆయన మాటను కాదనడానికి నేను పూనుకోను. అయితే తప్పు జరిగినది కలిసి ఉంటామన్నవారి వలన కాదు. వారి మాట నమ్మి హక్కు తీసివేసినవారి వలన.

దత్తా గారి కథలో మిగిలినది కూడా చెప్పాలి. ఆయన 1932లో లాహోరు ఫోర్మన్ క్రైస్తవ కళాశాల ప్రిన్సిపాలు అయినారు. ఆ హాస్టళ్ళలో పంజాబు హిందువులు, ముస్లిములు, సిక్కులు, క్రైస్తవులు ఉండేవారు. ఆయన 1942లో మరణించారు గనుక తరువాతిది చూడలేదు. 1947లో పంజాబు రెండుగా చీలింది. హిందూ, సిక్కు విద్యార్థులు ప్రాణాలు అరచేత పెట్టుకొని వెళ్ళిపోయారు. వారు ఖాళీ చేసిన హాస్టళ్ళలో గాయపడి వచ్చిన కాందిశీకులకు కట్లు కట్టారు. ఆ ఏర్పాటే తరువాత యునైటెడ్ క్రిస్టియన్ ఆస్పత్రి అయినది. ఒక మంచి హాస్టలు దేశాన్ని కాపాడుతుందని ఎవరైనా అంటే వారికి ఈ సంగతి చెప్పాలి. కాపాడలేదు. కాని ఊరు తగలబడుతున్నప్పుడు, గాయపడినవాడు ఏ మతస్థుడని అడగకుండా లోనికి తెచ్చుకొనే అలవాటు ఉన్న చోటు ఒకటి మిగిలింది. ఆ అలవాటు ఒక్క రాత్రిలో వచ్చినది కాదు.

గోవర్ వీధి ఇల్లు రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబుల పాలయింది. యుద్ధం తరువాత, 1950 దశకం తొలి సంవత్సరాలలో, దానికి దగ్గరలోనే ఫిట్జ్‌రాయ్ స్క్వేరులో రాల్ఫ్ టబ్స్ అనే శిల్పి వేసిన నమూనా ప్రకారం కొత్త భవనం లేచింది. ఇండియన్ వై.ఎం.సి.ఎ. పేరుతో అది నేటికీ నడుస్తున్నది. అక్కడి భోజనశాలలో బసచేసినవారే గాక దారిన పోయేవారు కూడా ఇండియా భోజనం చేసి వెళతారు. మన ప్రాంతం నుండి ఉన్నత చదువులకు వెళ్ళే పిల్లల తల్లిదండ్రులు ఆ చిరునామా వ్రాసి ఉంచుకోవడం మంచిది.

ఇక మన కమిటీల సంగతి. సాయంకాల ప్రార్థన హాస్టలులో జరగాలి, గంట కొట్టాలి, తలుపు తెరిచి ఉంచాలి. రానివాని పేరు రిజిస్టరులో వ్రాయకూడదు. రంజాను నెలలో ముస్లిము పిల్లవానికి తెల్లవారుజామున అన్నం దొరికేలా వంటమనిషితో ముందుగానే మాట్లాడుకోవాలి. ఉపవాసం ఉన్న హిందూ పిల్లవాని పాలు పండ్లకు మెస్సు లెక్కలో అడ్డు చెప్పకూడదు. మెస్సు కమిటీలో ఇద్దరైనా ఇతర మతస్థుల బిడ్డలు ఉండాలి, వారికి ఓటు ఉండాలి. గోడ మీద పటాలు, వాక్యాలు మనవి ఉంటాయి, ఉండాలి. కాని పక్కవాని దేవుని ఎగతాళి చేసే కాగితం ఒక్కటీ నోటీసు బోర్డు మీదికి రాకూడదు. యువజన మందిరం తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్నది వచ్చే కమిటీ మీటింగులో చర్చకు వస్తుందని విన్నాను. సాయంకాలం ఐదు గంటలకు తలుపు తీసి, ఎనిమిదికి మూసి, చదరంగం బల్లలు లెక్క పెట్టుకొనే ఓపిక ఉన్నవారి దగ్గర ఉంటే చాలు. ఆ పనికి ఇద్దరు యౌవనస్థులు ముందుకు వస్తే, పేర్లు సెక్రటరీ గారికి ఇవ్వగలరు.